మేడమ్ గారి అమ్మాయి

మా ఇంటి వరకూ లెక్కలు మా ఆవిడవి, ఫిజిక్స్ మా అక్కది. ఈ వాటాలు ఎవరూ కూర్చుని పంచలేదు. నేను కొలకలూరు సొసైటీలో గుమాస్తాని, నాకు ఏ సబ్జెక్టూ లేదు. అందుకే ఇద్దరి మధ్యా ఇన్నేళ్ళు బతికి బట్టకట్టాను.

మా ఆవిడ ఝాన్సీ తెనాలి గంగానమ్మపేటలో, మా ఇంటి ముందు హాల్లోనే, ఇంటర్ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతుంది. ఆ హాలు మాదని పేరే గానీ అందులో నేను కాళ్ళు బారజాపుకుని కూర్చున్నది తక్కువ. అంతా బల్లలూ సుద్దపొడీ. రేపల్లె పాసింజరు దిగి వచ్చే పిల్లలు కొందరున్నారు. వాళ్ళ రైలు ఆలస్యమైతే క్లాసు ఆలస్యం, క్లాసు ఆలస్యమైతే మా ఇంట్లో అన్నం ఆలస్యం. ఆవిడకి గడియారంతో పని లేదు. పాసింజరు వచ్చిందా పోయిందా, అంతే.

పాఠం చెప్పడంలో ఆవిడని మించినవాళ్ళు తెనాలిలో లేరని నేనంటే మొగుణ్ణి కాబట్టి అన్నాననుకుంటారు. పిల్లల తల్లిదండ్రులు కూడా అదే అంటారు. ఒక్కటే అలవాటు. పిల్లలు లెక్క చేస్తుంటే వెనక నిలబడుతుంది. తప్పు గీత పడీ పడగానే ఎర్ర పెన్ను దిగుతుంది. రెండో గీత రాయనివ్వదు. తప్పుని ఎదగనిస్తే తప్పే ముద్దొస్తుందంటుంది.

మా అక్క సునీల ఉండేది బాపట్లలో. బావది ఎరువుల కొట్టు. ఇద్దరూ మగపిల్లలే, ఉద్యోగాల మీద తలో ఊరూ వెళ్ళిపోయారు. అక్క చాలాకాలం చీరాలలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పి, అది మానేసి, ఇప్పుడు ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని చెబుతోంది.

ఝాన్సీకి అక్క మీద మంట పెళ్ళిచూపుల నాడే అంటుకుంది. అందరూ పాట వచ్చా, వంట వచ్చా అని అడుగుతుంటే, అక్క మాత్రం అమ్మాయి ఎమ్మెస్సీ మ్యాథ్స్ అని సంబరపడిపోయి ఒక లెక్క అడిగింది. ఝాన్సీ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. సరైన జవాబే. అక్కడితో ఊరుకోవచ్చుగా మా అక్క. "దీనికి ఇంకా దగ్గర దారి ఒకటుందమ్మాయ్" అని అరచెయ్యి గాల్లో ఆడిస్తూ చూపించింది. ఆ సంగతి మర్నాటికి అక్క మర్చిపోయింది. మా ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు. పెళ్ళయ్యాక ఎప్పుడు బాపట్ల వెళ్దామన్నా, మీరు వెళ్ళండి, దగ్గర దారులు చూపించేవాళ్ళు ఉన్నారుగా అక్కడ, అనేది.

మాకు ఒక్కతే కూతురు, బిందుమాధవి. బిందు ఇంటర్లో చేరగానే తల్లి క్లాసులో తనూ ఒక విద్యార్థి అయింది. మొదటి పరీక్ష పెట్టిన రోజునే వీరాస్వామి గారని ఒక కుర్రాడి తండ్రి గేటు దగ్గర నిలబడి, నవ్వుతూనే, మీ అమ్మాయికి పేపరు ముందే తెలుస్తుందేమోనండీ, ఇంట్లో మనిషి కదా, అన్నాడు. సరదాకే అన్నాడో, మనసులో పెట్టుకుని అన్నాడో తెలీదు. మా ఆవిడ మొహం కందగడ్డ అయింది. మర్నాటి నుంచి మా ఇంట్లో కొత్త చట్టం వచ్చింది.

క్లాసులో అమ్మా అని పిలవకూడదు, మేడమ్ అనాలి. కూర్చునేది ఆఖరి బల్ల మీద. డౌటు అడిగితే అందరివీ అయ్యాకే. క్లాసయ్యాక ఇంట్లో లెక్కల ఊసెత్తకూడదు, ఎందుకంటే బయటి పిల్లలకి ఆ వీలు లేదు. ఇవన్నీ ఒక ఎత్తు, క్లాసులోకి రావడం ఒక ఎత్తు. మా వంటింటికీ హాలుకీ మధ్య ఉన్నది ఒక్క గుమ్మం. బిందు ఆ గుమ్మం దాటి రాకూడదు. పెరటి తలుపు తీసుకుని, సందులోంచి చుట్టూ తిరిగి, వీధి గేటు దగ్గర అందరి చెప్పుల పక్కన తన చెప్పులు విడిచి, లోపలికి రావచ్చా మేడమ్ అని అడిగి రావాలి. వానొస్తే గొడుగేసుకుని తిరిగొచ్చేది. పోపు పెట్టి చేతులు తుడుచుకుంటూ తల్లి రెండడుగుల్లో హాల్లోకి వెళ్ళేది, వంటింట్లో ఆవిడ పక్కనే నిలబడి అన్నం తిన్న పిల్ల మాత్రం వీధి చుట్టి వచ్చేది.

"బయటి పిల్లలకి లేని సదుపాయం మా అమ్మాయికీ లేదండి" అని ఝాన్సీ తల్లిదండ్రులందరికీ చెప్పేది. విన్నవాళ్ళు చేతులు జోడించేవారు. వీరాస్వామి గారైతే సిగ్గుపడి తన తమ్ముడి కొడుకుని కూడా తెచ్చి చేర్పించాడు. పిల్ల సందులోంచి తిరిగి రావడం చూసి పక్కింటివాళ్ళు నవ్వితే, మా ఆవిడ నిప్పండీ అని నేనూ గొప్పగా చెప్పుకున్నాను.

రెండో ఏడు దసరా సెలవులకి బిందు బాపట్ల వెళ్ళింది. ఆ తర్వాత ఆదివారాలు కూడా పొద్దున్నే రైలెక్కి వెళ్ళి సాయంత్రానికి రావడం మొదలుపెట్టింది. ఫిజిక్స్ డౌట్లు అంది. ఫిజిక్స్ అక్క వాటాలోదే కాబట్టి ఝాన్సీ మూతి తిప్పుకుని ఊరుకుంది.

ఒక సాయంత్రం నేను వంటింటి గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాను. హాల్లో మొదటి ఏడాది పాఠాలు మళ్ళీ చేయిస్తోంది ఆవిడ. గోడకి వాల్చిన నిచ్చెన లెక్క. నిచ్చెన కాళ్ళని ఎవరో బయటికి లాగుతుంటారు, పై కొన గోడ మీద ఎంత వేగంతో జారుతుందో కట్టాలి. నిలబడి ఉన్న నిచ్చెనని ఆ మనిషి ఎందుకు లాగుతాడో నాకు చదువుకునే రోజుల్లోనూ అర్థం కాలేదు. షారోన్ అని రేపల్లె అమ్మాయి, క్లాసులో అందరికంటే చురుకైనది, సూత్రం రాసి, అంకెలు వేసి, టకటకా ముగించింది. అలాంటిదే ఇంకోటిచ్చి బిందుని లేపింది మేడమ్.

బిందు సుద్దముక్క తీసుకుంది గానీ రాయలేదు. ఎడమ అరచేతిని ఏటవాలుగా బోర్డుకి ఆనించింది. మణికట్టుని మెల్లగా వెనక్కి లాగింది. వేళ్ళు బోర్డు మీద కిందికి జారాయి. పైది కిందికే వస్తోంది కాబట్టి మైనస్ రావాలి అని తనలో తను గొణుక్కుని, అప్పుడు మొదలుపెట్టింది.

నా గ్లాసులో టీ ఒలికింది. ఆ చెయ్యి మా అక్కది. చిన్నప్పుడు నాకు పాఠం చెప్పినా అంతే, వాలు బల్లైనా, కాలవ గట్టైనా, అక్క అరచేతిలోనే ఉండేది. నేను గుర్తుపట్టిన సంగతి మొహంలో కనపడుతుందేమోనని గ్లాసులోకి తల దించాను. కానీ ఝాన్సీ నాకంటే ముందే గుర్తుపట్టింది. పెళ్ళిచూపుల్లో దగ్గర దారి చూపించిన చెయ్యి కూడా అదేగా.

లెక్క సరిగ్గా వచ్చింది. ఎర్ర పెన్నుకి పని పడలేదు. మేడమ్ కాసేపు బోర్డు వైపే చూసి, కూర్చో అంది.

పిల్లలు వెళ్ళాక నా మీద పడింది. ఇల్లంతా లెక్కలే ఉన్న పిల్ల లెక్కలు నేర్చుకోవడానికి రైలెక్కి వెళ్తోందంటే ఊళ్ళో నా పరువేం కావాలి అంది. తప్పేముంది, సరిగ్గానే చేసిందిగా అని నేను నోరు జారాను. సరిగ్గా చేసినందుకే నా బాధ అంది. తప్పు చేసి ఉంటే మీ అక్కకి లెక్కలు రావని తేలిపోయేది.

అప్పటి నుంచి మా ఆవిడ పద్ధతే మారిపోయింది. బిందు పెరట్లో నిలబడి అత్తతో ఫోన్లో మాట్లాడుతుంటే, ఇంకా నీళ్ళు కారుతున్న బట్టలు తీసుకురావడానికి పెరట్లోకి వెళ్ళేది. అత్త చేసిన గోంగూర రొయ్యలు బాగున్నాయని పిల్ల ఒకసారి అన్న పాపానికి, వారమంతా మా ఇంట్లో గోంగూరే. బిందు మారు మాట్లాడకుండా తినేది. బాగుందా అని తల్లి అడిగితే బాగుందనేది. అక్కడికంటేనా అని అడగాలని ఝాన్సీ నోటిదాకా వచ్చేది, నాకు తెలుస్తూనే ఉండేది, అడగలేక నా కంచంలో ఇంకో గరిటె వేసేది. పిల్ల తలకి బాపట్లలో నూనె పెట్టించుకొస్తే, ఇంట్లో నూనె లేనట్టు ఏంటీ జిడ్డు అని తలంటి పోసేది. నిజం చెప్పొద్దూ, నాకూ కాస్త కుళ్ళుగానే ఉండేది. ఆ పిల్ల కోసం వీళ్ళిద్దరూ గుంజుకుంటున్నారు, నాన్న ఏమయ్యాడని ఒక్కరూ అడగరు.

ఏప్రిల్లో ఫలితాలు వచ్చాయి. బిందుకి ఫిజిక్స్‌లో ఒక్క మార్కు పోలేదు. లెక్కల్లో షారోన్ కంటే తక్కువ, జీవన్ కుమార్ కంటే తక్కువ, వీరాస్వామి గారి తమ్ముడి కొడుకు కంటే కూడా తక్కువ. అభినందనలు చెప్పడానికి వచ్చిన తల్లిదండ్రులు మిఠాయి పెట్టె చేతికిచ్చి, మీ అమ్మాయికి ఎన్నొచ్చాయండీ అని అడిగి, విని, పాపం అన్నట్టు మొహాలు పెట్టారు. ఎంట్రన్సు ర్యాంకు కూడా అనుకున్న సీటు దరిదాపుల్లోకి రాలేదు. ఇంకో ఏడాది చదివి మళ్ళీ రాస్తానంది బిందు.

ఝాన్సీకి అది శుభవార్తలా వినపడింది. ఏడాదంతా పిల్ల ఇంట్లోనే ఉంటుంది, పొద్దున పూట బ్యాచీ ఒకటి తీసేసి ఆ టైము బిందుకే ఇచ్చేస్తానని నాతో చెప్పింది. ఇక సందులోంచి తిరిగి రావక్కర్లేదని కూడా అంది. అంత ఉత్సాహంగా ఆవిణ్ణి చూసి చాలాకాలమైంది.

బిందు కంచం ముందు కూర్చుని తల దించుకుని చెప్పింది. "నేను బాపట్లలో ఉండి చదువుకుంటానమ్మా. అత్తని అడిగాను, సరేనంది."

"ఫిజిక్సేగా?" అంది ఝాన్సీ.

"లెక్కలు కూడా."

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. లేచి వెళ్ళి హాల్లో, తుడిచే ఉన్న బోర్డుని మళ్ళీ తుడిచింది.

సోమవారం నేనే పిల్లని బ్యాగుతో సహా బాపట్లలో దింపి వచ్చాను. ఝాన్సీ గేటు దాకా రాలేదు. ఆ తర్వాత నెల్లాళ్ళూ మా ఇంట్లో మా అక్క పేరు ఎత్తితే చాలు, ఆవిడ కళ్ళు చిన్నవయ్యేవి, పెదాలు బిగుసుకునేవి, ముక్కు పుటాలు అదిరేవి. నా పిల్లని నాకు కాకుండా చేసింది అనేది. మగపిల్లల్ని కన్నావిడకి ఆడపిల్ల కావాల్సొచ్చింది, అందుకు నా పిల్లే దొరికింది అనేది. లెక్కలు నా కంటే బాగా చెబుతుందట మీ అక్క, ఊళ్ళో బోర్డు కట్టించండి అనేది. నేను పొద్దున్నే కొలకలూరు వెళ్ళిపోయి, వీలైనంత పొద్దుపోయాక వచ్చేవాణ్ణి. క్లాసులో ఎర్ర పెన్ను మాత్రం మునుపటికంటే జోరుగా దిగేది. పిల్లలందరూ వచ్చి కూర్చున్నాక కూడా ఆవిడ ఒకసారి గేటు వైపు చూసి, అప్పుడు సుద్దముక్క తీసేది.

ఒక ఆదివారం ఉన్నట్టుండి చీర మార్చుకుని వచ్చి, పదండి, పిల్లని తీసుకొచ్చేద్దాం అంది. రమ్మంటే వస్తుందా అన్నాను. కన్నతల్లి వచ్చి పిలిస్తే రాకేం చేస్తుంది అంది.

మేము వెళ్ళేసరికి అక్క ఇంట్లో క్లాసు జరుగుతోంది. భోజనాల బల్ల చుట్టూ పిల్లలు, మధ్యలో వేయించిన వేరుశనక్కాయల పళ్ళెం. బిందు కుర్చీ దొరక్క వంటింటి గట్టు మీద కాళ్ళు వేలాడేసి కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి కిందికి దూకింది గానీ, తల్లి దగ్గరికి రావాలో వద్దో తెలీనట్టు అక్కడే నిలబడింది. అక్క మాత్రం లేచి వచ్చి ఝాన్సీ చెయ్యి పట్టుకుని, అసలైన లెక్కలావిడ వచ్చింది, ఇక నా ఆటలు సాగవురోయ్ అని పిల్లలతో అంది. ఆ మంచితనం ఝాన్సీకి ఇంకా ఎక్కువ మంట. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, అక్క పట్టుకున్న చెయ్యి కర్రలా బిగుసుకుపోయి ఉంది.

అజయ్ బాబు అనే కుర్రాడు గోడకి వేలాడేసిన చిన్న బోర్డు మీద లెక్క చేస్తున్నాడు. చూద్దును కదా, అదే నిచ్చెన. రెండో గీతలో మైనస్ వదిలేశాడు. కూర్చోబోతున్న ఝాన్సీ కూర్చోకుండానే, తప్పు, కొట్టెయ్ అంది. ఆ కుర్రాడు బెదిరిపోయి తుడవబోయాడు.

"కానివ్వమ్మాయ్" అంది అక్క. "వాడి నిచ్చెన ఎందాకా పోతుందో చూద్దాం."

ఆ కుర్రాడు భయంభయంగా చివరిదాకా చేశాడు. జవాబు వచ్చింది. ఇప్పుడు చేత్తో చూపించు అంది అక్క. వాడు అరచెయ్యి వాల్చి, మణికట్టు వెనక్కి లాగి, తన జవాబు ప్రకారం వేళ్ళని గోడ మీద పైకి పాకించాడు. కాళ్ళు లాగుతుంటే తల పైకెక్కిపోయే నిచ్చెనని చూసి పిల్లలందరూ పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు. నవ్వుతూనే వెనక్కి వెళ్ళి మైనస్ పెట్టాడు. బిందు కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వుతూ, నిన్న నా నిచ్చెన ఇంటి కప్పు దాటి పోయింది, తెలుసా అని వాడికి చెప్పింది.

ఝాన్సీ ఆ నవ్వునే చూస్తోంది. లెక్క తప్పినప్పుడు మా అమ్మాయి నవ్వగలదని మా ఇద్దరిలో ఎవరికీ తెలీదు. తప్పినప్పుడు దాని మొహం ఎలా ఉంటుందో మాత్రం బాగా తెలుసు.

భోజనాలయ్యాక ఝాన్సీ విషయం ఎత్తింది. పిల్లని తీసుకెళ్తున్నాను వదినా అంది. అక్క అడ్డం చెబుతుందని, నాలుగు మాటలు అనడానికి వీలు దొరుకుతుందని ఆవిడ ఆశ. అక్క అడ్డం చెప్పలేదు. నీ పిల్ల, నీ ఇష్టం, దాన్ని కూడా ఒక మాట అడుగు అంది. బిందు రానంది. పొద్దున పూట అంతా నీకే ఇస్తాను, ఆఖరి బల్ల లేదు, సందు లేదు, వంటింట్లోంచే రా, ఇంకేం కావాలి అంది తల్లి. బిందు నేల చూపులు చూస్తూ నిలబడింది. సాయంత్రం రైలు టైమవుతోందని నేను లేచాను. ఎవరి బ్యాగూ సర్దలేదు. దింపడానికి స్టేషను దాకా వస్తానంది బిందు.

బాపట్ల స్టేషన్లో సిమెంటు బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. నేను ఒక చివర, బిందు ఒక చివర, మధ్యలో ఝాన్సీ. రైలు వచ్చేలోగా ఇంకొక్కసారి అడిగి చూద్దామని కాబోలు, ఆవిడ కూతురి వైపు తిరిగింది.

"మీ అత్త దగ్గర ఉన్నది నా దగ్గర లేనిది ఏంటో చెప్పవే. బయటి పిల్లలకి చేసినదానికంటే నీకు తక్కువ చేశానా నేను?"

"చేశావమ్మా" అంది బిందు. గొంతులో కోపం లేదు. "బయటి పిల్లలకున్న సదుపాయం నాకొకటి లేదు. మేడమ్ తిడితే వాళ్ళు ఇంటికెళ్ళి వాళ్ళమ్మకి చెప్పుకుంటారు. నేనెవరికి చెప్పుకోవాలి?"

ఝాన్సీకి ఎలా ఉందో నేను చెప్పలేను. ఒడిలో బ్యాగుని రెండు చేతులతో పట్టుకుని పట్టాల వైపు చూస్తూ ఉండిపోయింది. తెనాలి వైపు వెళ్ళే మా రైలు వస్తోందని మైకులో చెప్పారు. జనం లేచారు. నేనూ లేచాను. ఆవిడ లేవలేదు.

"ఇప్పుడు చెప్పు" అంది. "ఏమంది మీ మేడమ్?"

బిందు నా వైపు చూసింది. నేను మళ్ళీ కూర్చున్నాను. రైలు వచ్చి ఆగింది. రైళ్ళని బట్టి అన్నం వండే మనిషి, కళ్ళ ముందున్న రైలు వైపు తలైనా తిప్పలేదు. అది వెళ్ళిపోయాక బిందు చెప్పడం మొదలుపెట్టింది. ముందు చిన్న చిన్నవి చెప్పింది. తను చెయ్యెత్తితే మేడమ్ చూసీ చూడనట్టు ఉండేదని, ఎర్ర పెన్ను దిగుతుందేమోనని వెనక అడుగుల చప్పుడు వింటూ లెక్క చెయ్యడం వల్ల వచ్చినవి కూడా తప్పేవని, పరీక్ష హాల్లో వెనక ఎవరూ లేకపోయినా అలాగే అనిపించిందని. రెండో గీత రాయనివ్వని మనిషి చివరిదాకా విన్నది.

"పోయిన వానాకాలం ఒకరోజు నాకు జ్వరం వచ్చింది" అంది బిందు. "వానలో సందు తిరిగొచ్చాను. లెక్క తప్పితే మేడమ్ నిలబెట్టింది. క్లాసు అయ్యేదాకా నిలబడే ఉన్నాను. తర్వాత ఇంట్లోకొచ్చాక నువ్వు నుదుటి మీద తడిగుడ్డ వేశావు. పక్కనే కూర్చున్నావు. నీకు చెబుదామనుకున్నానమ్మా, మేడమ్ నన్ను నిలబెట్టిందని. చెప్పబోయి నీ మొహంలోకి చూశాను. ఆవిడే."

చెప్పి, ఏడవలేదు బిందు. ఏడ్చింది నేను, కళ్ళద్దాలు తుడుచుకునే నెపం మీద.

"ఎవరే అది?" అంది ఝాన్సీ. "జ్వరంతో ఉన్న నా పిల్లని నిలబెట్టడానికి ఎవరే అది?"

నేను ఆవిడ వైపు తిరిగాను. కళ్ళు చిన్నవయ్యాయి, పెదాలు బిగుసుకున్నాయి, ముక్కు పుటాలు అదురుతున్నాయి. ఆ మొహం నేనెరుగుదును. ఇన్నాళ్ళూ మా అక్క పేరు ఎత్తినప్పుడల్లా చూసిన మొహమే. పిల్లని తీసుకుపోయిన మనిషి ఎవరో ఆవిడకి ఇప్పుడు తెలిసింది.

బిందు తల్లి భుజం మీద తల పెట్టుకుంది. ఇంటికి వస్తానంది. ఝాన్సీ చెయ్యి చటుక్కున పిల్ల తల మీదికి వెళ్ళింది.

"ఇంటికొస్తాను. మేడమ్ దగ్గరికి రాను" అంది బిందు. "లెక్కలు అత్త దగ్గరే. రోజూ పొద్దున రైలుకి వచ్చి సాయంత్రం వెళ్తాను."

తల మీద చెయ్యి ఆగింది. ఆ మాట మింగడానికి ఆవిడకి ఎంత కష్టమయిందో పక్కన కూర్చున్నవాణ్ణి, నాకు తెలుసు. సరే అనడానికి ముందు రెండుసార్లు నోరు తెరిచి మూసింది. తర్వాత అంది.

ఇప్పుడు అలాగే జరుగుతోంది. బిందు పొద్దున్నే బాపట్ల వెళ్తుంది, సాయంత్రం మా ఆవిడ క్లాసు మధ్యలో ఇల్లు చేరుతుంది. గేటు దగ్గర చెప్పులు విడిచి, బల్లల మధ్య నుంచి ఎవర్నీ ఏమీ అడగకుండా నడిచి, గుమ్మం దాటి వంటింట్లోకి పోతుంది. మొదట్లో పిల్లలు మేడమ్ ఏమంటుందోనని చూసేవాళ్ళు. ఇప్పుడు అలవాటుపడ్డారు. ఝాన్సీకి అక్క మీద మంట తగ్గిందని నేను చెప్పను. మొన్న కూడా, ఏం చెప్పిందో ఇవాళ దగ్గర దారి అని మూతి తిప్పింది.

నిన్న సాయంత్రం నేను కొలకలూరు నుంచి వచ్చి వంటింట్లో టీ పెట్టుకుంటున్నాను. బిందు విసురుగా వచ్చి బ్యాగు గట్టు మీద పడేసింది. హాల్లోంచి తల్లి చూసింది. సుద్దముక్క చేతిలోనే పట్టుకుని గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఏమైందే అంది.

"అత్త ఇవాళ నా మీద అరిచిందమ్మా. అందరి ముందూ."

ఝాన్సీ మొహంలోకి వచ్చిన వెలుగుని నేను పెళ్ళినాడు కూడా చూడలేదు. కాలితో స్టూలు లాక్కుని, పిల్లకి ఎదురుగా కూర్చుంది. "ఏమంది?" అంది. "మొదట్నుంచీ చెప్పు."

బిందు చెబుతోంది. హాల్లోంచి ఎవరో, మేడమ్, మేడమ్ అని పిలిచారు. ఝాన్సీ పలకలేదు.